గడ్డి కొండల మీద అత్త పిలుపు

మా మేనత్త పోయిందని నాన్న మొన్న ఆళ్లగడ్డ నుంచి ఫోన్ చేశాడు. "అత్త పాయె పాపా, బేగా రా" అన్నాడు, అంతే. నంద్యాల ఆసుపత్రి నుంచి తెచ్చేసరికి ఎండ మండిపోతోంది. చర్చి వెనక సమాధుల తోటలో, కొడుకు పక్కనే పెట్టాం.

ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు చాలామంది వచ్చారు. అందరూ స్వెటర్ల సంగతే చెప్పుకున్నారు. బడి పిల్లలు పక్కనున్న అహోబిలానికి పోతున్నా సరే, బస్సు మెట్ల దగ్గర నిలబడి ప్రతి సంచీ తెరిచి చూసేదట. "ఈ ఎండల్లో స్వెటరెందుకు టీచర్?" అంటే, "కొండ మీద ఎట్లుంటాదో నీకేం తెలుసు? పెట్టుకోప్పా" అనేదట.

ఆ అలవాటు మొదట్నుంచీ ఉన్నది కాదు. ఆమెకు ఒక్కడే కొడుకు. కాలేజీ స్నేహితులతో నీలగిరుల మీది జాతీయ పార్కుకు వెళ్లాడు. గడ్డి కొండలూ చెరువులూ తప్ప ఇల్లన్నది కనపడని చోటు. మంచు కమ్మింది, వాన పట్టుకుంది, వాడొక్కడూ దారి తప్పాడు. మర్నాడు దొరికాడు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. చలికి పోయాడన్నారు.

"నంద్యాల ఎండల్లో పెరిగినోడు చలికి సచ్చినాడంటే ఎట్ల నమ్మేది పాపా?" అని అత్త నన్ను పట్టుకుని అడిగింది. వాడి సంచీ సర్దింది ఆమే. ఆ మాట మేమెవరమూ ఎత్తలేదు.

కొన్నాళ్లకు, "ఆ తావు చూడాల" అంది. మామ రానన్నాడు. కోయంబత్తూరులో ఉంటున్న నాకు కాస్త తమిళం వచ్చు కనుక నన్ను తోడు రమ్మంది. అనుమతి తీసుకుని, వాడిని మొదట చూసిన ఫారెస్ట్ వాచర్‌నే వెంటబెట్టుకుని వెళ్లాం. తడి గడ్డిలో ఆయాసంతో ఆగి ఆగి నడిచింది కానీ నా చెయ్యి పట్టుకోలేదు. ఒక బండరాయి దగ్గర వాచర్ ఆగి, తలకు చుట్టుకున్న మఫ్లర్ తీసేశాడు.

"అడుగు పాపా. నా కొడుకు కేకలేసింటాడా?"

అడిగాను. వేసే ఉంటాడనీ, ఈ గాలిలో పక్క గుట్ట మీది మనిషికి కూడా వినపడదనీ చెప్పాడు. మార్చి చెబుదామనుకున్నాను. అత్త నా మొహమే చూస్తోంది. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆమె ఏడవలేదు. కొంగు దోపుకుని, మంచు వైపు తిరిగి, బడి ఆవరణంతా వినపడే ఆ గొంతుతో అరిచింది.

"నాయనా! ఈడుండా! ఈడికి రా!"

గొంతు జీరపోయేదాకా పిలిచింది. వాచర్ దూరంగా జరిగి మొహం తిప్పుకున్నాడు.

తర్వాత ఎన్నడూ ఆమె ఆ ప్రయాణం మాటెత్తలేదు. బడి తెరవగానే పిల్లల సంచులు చూడటం మొదలుపెట్టింది. అంత బరువైన రోజున తోడుగా నన్ను పిలిచినందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఆ కొండే కనపడుతుంది. ఆమె పిలుపు ఆగాక మంచు కాస్త వీడింది. అప్పటిదాకా మేము చూడనే లేదు, చెరువు మా కాళ్ల ముందే ఉంది. నల్లటి నీళ్లు. తడిసిన చీర అంచు పాదాలకు చుట్టుకుని, అత్త అవతలి గట్టు కోసం చూస్తూ నిలబడి ఉంది.