ఫ్రీయే కదా?

ఉద్యోగం ఉన్నంతకాలం పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. ‘ఫ్రీ’ అనే విశేషణం వచ్చినప్పుడల్లా బోర్డు మీద మూడు అర్థాలు రాసేదాన్ని: స్వేచ్ఛ గల, ఉచితమైన, ఖాళీగా ఉన్న. రిటైరయ్యాక తెలిసింది, మావాళ్లకి ఆ మూడూ కలిపి ఒకటే అర్థమని. అది నేను.

పెళ్లి చేసుకోలేదు. శ్రీకాకుళంలో ఒక్కదాన్నే ఉంటాను. విజయనగరం నుంచి మా తమ్ముడి భార్య ఫోన్ చేస్తే ఎలా ఉన్నావని అడగదు. “వదినా, ఫ్రీయే కదా?” అంటుంది. జవాబు వినకుండానే బస్సు టైము చెప్పేస్తుంది. వాళ్ల కోడలి కాన్పుకి ఆసుపత్రి వరండాలో బల్ల మీద తోడు పడుకున్నది నేనే. తమ్ముడికి గుండెలో స్టెంటు వేసినప్పుడు సంతకం పెట్టిందీ నేనే. మేనకోడలి పెళ్లినాడు అందరూ చర్చికి బయల్దేరితే, సామానున్న ఇల్లు వదలకూడదని కాపలా ఉన్నదీ నేనే. భోజనం క్యారేజీలో పంపారు. బిరియానీ బాగానే ఉంది. ఏడుస్తూ తిన్నాను.

ఈమధ్య నా కుడికంట్లో శుక్లం ముదిరింది. తోడు మనిషి లేకుండా ఆపరేషన్ చెయ్యబోమన్నారు ఆసుపత్రిలో. తమ్ముడికి ఫోన్ చేశాను.

“అయ్యో అక్కా, ఆ రోజు మేమెవరం ఫ్రీగా లేం. వాయిదా వేసుకోరాదూ?” అన్నాడు.

నొచ్చుకోలేదని అబద్ధం చెప్పను. బతిమాలితే చేస్తారేమోనని ఒక్కదాన్నే వెళ్లాను.

“మీ తాలూకు ఎవరొచ్చేరమ్మా?” అంది నర్సు.

“ఎవరూ రాలేదు. ఆటోలో జాగ్రత్తగా వెళ్లిపోతాను.”

“కుదరదు మేడమ్. ఇంకో రోజు రండి.”

సంచీ తీసుకుని లేచాను. నీళ్లు తిరిగితే శుక్లమున్న కన్నూ లేని కన్నూ ఒక్కలాగే మసకబారాయి.

పక్క కుర్చీలో ఒకావిడ పొద్దుట్నుంచీ కూర్చునుంది. కళింగపట్నంలో చేపలమ్ముకుంటుందట, మొగుడికి ఇదే ఆపరేషనట. ఆవిడ లేచి నర్సు మీదికి వెళ్లింది.

“ఏటమ్మా, ముసిలిమనిసిని పంపిచ్చెస్తన్నావు? ఈ అప్ప నా తాలూకే. నా పేరు రాసుకో.” నావైపు తిరిగి, “ఎల్లి సేయించుకో అప్పా. ఒకలికైనా ఇద్దరికైనా ఇక్కడ కూకోడమే కదా!” అంది.

అప్ప అంటే అక్క. ముసలిమనిషి అన్నందుకు మాత్రం కొంచెం చురుక్కుమంది.

కంటికి కట్టుతో బయటికొచ్చేసరికి ఆవిడ టీ తెచ్చిచ్చింది. కాసేపటికి ఆవిడ మొగుణ్ణి లోపలికి తీసుకెళ్లారు. అంతసేపూ నాకు ధైర్యం చెప్పిన మనిషి కొంగు వేలికి చుట్టుకుంటూ ఆ తలుపువైపే చూస్తూ కూర్చుంది.

“ఆడు సంద్రం మీద ఏటకెల్లినప్పుడు కూడా నాకింత బయమెయ్యనేదప్పా,” అంది.

నర్సు నన్ను ఇక వెళ్లొచ్చంది. నేను కూర్చునే ఉన్నాను. అప్పుడే ఫోను మోగింది.

“వదినా, ఆపరేషన్ వాయిదా వేసుకున్నావు కదా, సాయంత్రం బస్సుకి వచ్చెయ్. ఇంటికి రంగులేసేవాళ్లు దిగుతున్నారు. ఫ్రీయే కదా?”

“ఫ్రీగా లేను,” అన్నాను. ఆ మాట నా నోట రావడం నాకే వింతగా ఉంది. “ఆసుపత్రిలో ఉన్నాను. మా తాలూకు మనిషిని ఆపరేషన్‌కి తీసుకెళ్లారు.”

“మనవాళ్లా? ఎవరు వదినా?” మరదలు కంగారుపడింది.

“నీకు తెలీదులే,” అని ఫోను పెట్టేసి, ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.