ప్రొద్దుటూరికి ఓదార్చబోయి

మా బావమరిది ఓబులేసు భార్య పోయిందనీ, అతను అన్నం ముట్టడం లేదనీ కబురు రాగానే బయలుదేరాను. ఐదేళ్ల కిందట అతని అక్క, అంటే నా మొదటి భార్య, పోయినప్పుడు నేను దిటవుగా నిలబడ్డాను. నేతపనివాణ్ణే అయినా గ్రంథాలయంలో వేదాంతం బీరువా అంతా చదివినవాణ్ణి. చెప్పదగిన మాటలు నా దగ్గర ఉన్నాయనుకున్నాను.

కోడుమూరు నుంచి కర్నూలుకు తెల్లవారగానే బస్సు ఉంది. అక్కడ రైలెక్కి గుంతకల్లులో మారాలి. మెయిలు ఆలస్యమైతే అక్కడే భోంచేయడం మేలు. నేను వడలతో సరిపెట్టుకుని తాడిపత్రి దాకా దాహంతో బాధపడ్డాను. ఎదుట కూర్చున్న నాపరాళ్ల వ్యాపారి, "ఏమప్పా, మూడు పుస్తకాలు తెచ్చుకున్యావు, చెంబెడు నీళ్లు తెచ్చుకోలేదే" అని తన మరచెంబు అందించాడు. ఎర్రగుంట్లలో దిగి, బస్సులో ప్రొద్దుటూరు చేరేసరికి పొద్దు వాలుతోంది.

ఓబులేసు మగ్గం పక్కన గోడకు ఆనుకుని ఉన్నాడు. ముందున్న సంగటి ఎండిపోయింది. నేను పక్కన కూర్చుని, "మనసును పనిలో పెట్టల్ల ఓబులేసూ. మీ అక్క పోయిన మర్నాడే నేను మగ్గం గుంటలో దిగి చీర నేసినా" అన్నాను.

మా అత్త నా వైపు వింతగా చూసింది. "దిగినావు నాయనా. అటూ ఇటూ విసిరే నాడెలో నూలు కండె యాడుండె? నూలు చుట్టి కండె అందించేది నా బిడ్డ గదా. ఆయమ్మి వచ్చి ఇచ్చేదాకా లేయనని ఉత్త నాడె విసురుతాంటివి. ఒక్క పోగు పడలే. మీ అన్న, నేను చంకలు పట్టి గుంటలోంచి లాగితిమి. నన్ను కరిస్తివి కూడా."

ముంజేతి మీది పంటిగాట్ల మచ్చ చూపింది. నేను వంగి ఆ మచ్చను చూశాను.

"ఇదేమీ గుర్తు లేదా బావా?" అన్నాడు ఓబులేసు.

"లేదు."

అతను నా ముఖంలోకి చూశాడు. తర్వాత తల్లి వైపు తిరిగి, "అమ్మా, నేనిప్పుడు ఎట్లుండానో బాగా చూసి పెట్టుకో. రేపు నేను ఇంకోతీరుగా చెప్తే ఒప్పుకోవద్దు" అని సంగటి ముద్ద విరిచాడు.

మర్నాడు తిరుగు రైల్లో పుస్తకం తెరవలేదు. అత్త చెప్పినదాన్ని గుర్తు తెచ్చుకోవాలని గుంతకల్లు దాకా ప్రయత్నించాను. కళ్లు మూస్తే నేను నేసిన చీరే కనిపిస్తోంది. పసుపు ఒళ్లు, ఎర్రంచు, కొంగున మూడు చారలు. అలాంటి చీర మా మగ్గం మీంచి ఎప్పుడూ దిగలేదు.