చిన్నమ్మ పెట్టిన తీపి మెట్లు

మా చిన్నప్పుడు... పుంగనూరులో మా అవ్వ ఇంట్లో ఒక పొద్దు, లేచేసరికే ఇల్లంతా బెల్లం పాకం వాసన. చిన్నమ్మ పొయ్యి ముందర కూచోని శెనక్కాయ ఉండలు చుడతా ఉంది. పాకం చల్లారితే ఉండ కట్టదు కదా... చేతులు చన్నీళ్లలో ముంచుకుంటా, ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటా గబగబా చుట్టేస్తా ఉంది. ఆ పొద్దు లలిత పుట్టినరోజు.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు, సుబ్బరత్నమ్మ. లలిత ఆమె కూతురు, నా ఈడుదే. చిన్నమ్మ మొగుడికి కుప్పంలో అంగడి. వ్యాపారం సరిగ్గా లేదు, కొన్నాళ్లు పుట్టింట్లో ఉండమని తల్లీబిడ్డల్ని తెచ్చి దించిపోయినాడు. మొదట్లో వారం వారం వచ్చేవాడు. తర్వాత పండగలకు. తర్వాత అదీ లేదు... కానీ ఈసారి బిడ్డ పుట్టినరోజుకు తప్పకుండా వస్తానని కబురు పెట్టినాడు.

అంతకు ముందు మదనపల్లెకు పోయినప్పుడు, ఒక బేకరీలో అద్దాల వెనక మెట్లు మెట్లుగా పేర్చిన తీపి వస్తువుల్ని చూసి లలిత ఆడ్నే నిలబడిపోయింది.

"నా పుట్టినరోజుకు అట్ల పెడతావా మా?"

"పెడతా రా. ఆ అంగడోళ్ల కంటే బాగా పెడతా సూడు," అనింది చిన్నమ్మ.

నిజంగానే పెట్టింది!

ఖాళీ నూనె డబ్బాలు, పీటలు, మా తాత ట్రంకు పెట్టె... వాటితోనే బొమ్మల కొలువు మాదిరి మెట్లు కట్టింది. వాటి మీద తన పెండ్లి కోక పరిచింది. "మరకలైపోతాది, దాన్ని యాల తీస్తివే?" అని అవ్వ కోప్పడితే, "ఆయన చూస్తాడులేమా," అని నవ్వింది. చెంబులు బోర్లించి వాటి మీద పళ్లేలు పెడితే, ఒకటి ఎత్తుగా, ఒకటి పల్లంగా, అచ్చం బేకరీనే. రంగు కాగితాలు మడిచి కత్తిరించి అంచులకు అంటించే పని నాదీ లలితదీ.

కింది మెట్టు మీద బొరుగుల ఉండలు, శెనక్కాయ ఉండలు. ఆ పైన రవ్వలడ్లు, కొబ్బరి బిళ్లలు... బీట్‌రూట్ రసం పోసి సగం బిళ్లల్ని గులాబీ రంగు చేసింది. చిన్న గాజు గ్లాసుల్లో సేమ్యా పాయసం. అన్నింటికన్నా పైన పాలకోవాతో చేసిన చిలక... రెక్కల మీద పుల్లతో గీతలు, కండ్లకు రెండు మిరియాలు. అంతా ఇంట్లో ఉన్న సరుకే. అయినా అంత అందమైనది నేను మళ్లీ చూడలేదు.

సాయంత్రానికి వీధిలో పిల్లకాయలంతా వచ్చినారు. లలిత మాత్రం ఇంట్లో నిలవదు. బస్సు వచ్చే యాళైనప్పుడల్లా వీధి చివరికి పరిగెత్తడం, మళ్లీ రావడం. "మా నాయన వచ్చినాకనే అందరూ తినల్ల," అని గట్టిగా చెప్పేసింది.

వచ్చింది నాయన కాదు... నాయనకు అన్న, చెంగప్ప పెదనాయన. లలిత తల నిమిరి అరుగు మీద కూచున్నాడు. నీళ్లిచ్చినా తాగలేదు. అవ్వతో మెల్లిగా చెప్పినాడు...

"వాడు రాడమ్మా. వాడికి ఆడ ఇంకో సంసారం ఉండాది. బిడ్డ కూడా పుట్టినాడు. ఇంకా దాచిపెడితే నాకు పాపం తగులుతాదని వచ్చినా."

నేను తలుపు వెనక నిలబడి విన్నాను. నా పక్కనే చిన్నమ్మ.

ఏడుస్తాదనుకున్నా. ఏడవలేదు. తర్వాత కొంగుతో మొగం తుడుచుకోని లోపలికి పోయి, "రాండి పిల్లకాయల్లారా, తీసుకోండి!" అని పిలిచింది.

"నాయన రాకుండానే యాల పెడతాండావు మా?" లలిత ఏడుపు మొగం పెట్టింది.

"వచ్చినోళ్లను ఎంతసేపు నిలబెడతాం మా? ఇది నీ పండగ. నువ్వుండావు కదా, చాలు."

ఒక్కొక్కరికీ తన చేత్తోనే పెట్టింది. ఆఖరికి ఒక పళ్లెం నింపుకోని అరుగు మీదికి పోయి, "నోరు తీపి చేసుకో బావా," అనింది. ఆ పెద్దాయన పళ్లెం ఒళ్లో పెట్టుకోని వెక్కి వెక్కి ఏడ్చినాడు.

కోవా చిలకను మాత్రం లలిత ఎవ్వరినీ ముట్టనీలేదు. "ఇది నాయనకు" అని గిన్నెలో పెట్టి, చీమలు పట్టకుండా ఆ గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టింది. రోజూ మూత తీసి చూసుకునేది. చిన్నమ్మ వద్దనలేదు.

కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం, చిన్నమ్మ లలితను దగ్గర కూచోబెట్టుకోని ఉన్నదంతా చెప్పింది. లలిత లేచిపోయి గిన్నె తెచ్చింది. చిలక ఎండిపోయి బీటలు పడింది. తలకాయ కాడినుంచి మొదలుపెట్టి, నాకు ఒక ముక్క కూడా పెట్టకుండా, మొత్తం తినేసింది. గొంతుకు అడ్డంపడి దగ్గుతా ఉంది... నీళ్లిస్తే తోసేసింది... మళ్లీ తినింది.

చిన్నమ్మ అప్పుడు ఏడ్చింది.

ఆమె మళ్లీ కుప్పం పోలేదు. మదనపల్లెలో బాడిగ ఇంట్లో ఉండి, మిషన్ కుట్టి లలితను చదివించింది. పుట్టినరోజు చేస్తానని ఎన్నిసార్లు అడిగినా లలిత ఒప్పుకోలేదు. చిన్నమ్మ పోయినేడు కాలం చేసింది.

మొన్న మదనపల్లెలో మా మనవరాలి పుట్టినరోజు. డెజర్ట్ టేబుల్ అంట... ఎవరో ఇద్దరొచ్చి చిటికెలో తీపి వస్తువులన్నీ మెట్లు మెట్లుగా పేర్చి పోయినారు. లలిత వచ్చింది. ఆ టేబుల్ ముందర చానాసేపు నిలబడి నన్నడిగింది...

"ఆ పొద్దు మా యమ్మ అందరికీ పెట్టింది కదా... తను ఏమన్నా తినిందా? నువ్వు చూసినావా?"

ఎంత తలుచుకున్నా నాకు గుర్తు రాలేదు. ఏ మెట్టు మీద ఏముండేదో చెప్పగలను... ఆమె నోట్లో ఒక్క ముక్కన్నా పడిందో లేదో చెప్పలేకపోయినా.

ఇప్పుడు ఫోన్ చేస్తే అన్నీ ఇంటికొస్తాయి. ఫోటోలు తీసుకుంటాం, సగం పారేస్తాం... చేసినోళ్ల మొగం కూడా మనకు తెలీదు.

మీ ఇండ్లలో కూడా అందరికీ పెట్టి, తాము తిన్నారో లేదో ఎవరూ చూడనోళ్లు ఉండే ఉంటారు. వాళ్ల పేరొకటి ఈడ రాయండప్పా... కూచోని చదువుకుంటాను.