డాక్టరు రాసిచ్చిన కొట్లాట

మా వీధిలో నా గొంతుకు పేరుంది. ఆళ్లగడ్డలో మా వైపు నీళ్ల ట్యాంకరు వస్తే డ్రైవరు హారన్ కొట్టడు. నేనొక్క కేక వేస్తే చాలు, చుట్టుపక్కల వాళ్లంతా బిందెలు పట్టుకొని వస్తారు. బళ్లోనూ అంతే. శిరివెళ్ల దగ్గర ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచరుని నేను. మూడో తరగతికి ఎక్కాలు చెప్తుంటే, గోడకు అవతలున్న ఐదో తరగతి పిల్లలు కూడా వాళ్లతోపాటే అప్పజెప్పేవాళ్లు. కోపం కూడా గొంతుకు తగ్గట్టే ఉంటుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు అంత మంచిదేమీ కాదు గానీ గట్టిది. ఇన్నేళ్లూ దాంతోనే నెట్టుకొచ్చాను.

అలాంటి గొంతు పోవడం మొదలుపెట్టింది. అదీ వింతగా, పూటలవారీగా. పొద్దున ప్రార్థన వేళకు ఖంగుమనేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ముక్కుతో మాట్లాడుతున్నట్టు అయ్యేది. ఇల్లు చేరి కాసేపయ్యేసరికి గాలి తప్ప మాట వచ్చేది కాదు. ఎడమ కంటి రెప్ప వాలిపోయేది. రాత్రి అన్నం ముద్ద గొంతు దిగేది కాదు, నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చేవి. తెల్లారి లేస్తే అన్నీ మామూలే. దొంగరోగం, నలుగురి ముందుకు రమ్మంటే రాదు.

ఇలాంటి రోగాన్ని ఎవరు నమ్ముతారు? హెడ్మాస్టరు నమ్మలేదు. "పొద్దున నాతో కొట్లాడినప్పుడు బాగనే ఉంటివి కదమ్మా" అన్నాడు. మధ్యాహ్నం పాఠం చెప్పలేకపోతే లాంగ్ లీవు పెట్టుకోమన్నాడు. లీవు పెట్టి ఇంట్లో కూర్చుంటే ఇక మళ్లీ బడి ముఖం చూడనని నాకు లోపల భయం. పాఠం చెప్పడం తప్ప నాకింకేమీ రాదు. మా అత్తయితే ఒక సాయంత్రం పక్కింటామెతో, "పని కాడికొచ్చేసరికి వస్తాది ఆమెకు రోగం" అంటుండగా విన్నాను. ఒళ్లు మండిపోయింది. తిరిగి అనడానికి ఆ వేళకు గొంతు లేదు. లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకొని ఏడ్చాను.

నంద్యాలలో చూపించని డాక్టరు లేడు. గొంతు డాక్టరు, కంటి డాక్టరు, కడుపు డాక్టరు. ఒకాయన "మనసులో ఏదైనా బాధ ఉందామ్మా?" అని మెల్లగా అడిగాడు. ఉంది, అది మీరే, అందామనుకొని ఊరుకున్నాను.

నిజానికి తప్పు వాళ్లది కాదు, మా ఇంటిది. ఆస్పత్రికి పోవాలంటే ముందురోజు నుంచే నాకు ఇంట్లో రాజభోగం. మా ఆయన గిన్నె కూడా ఎత్తనిచ్చేవాడు కాదు. "మాట్లాడొద్దు. రేపు డాక్టరు కాడ మాట్లాడల్ల కదా, గొంతు దాచిపెట్టుకో" అనేవాడు. అత్త అన్నం మెత్తగా పిసికి చారు పోసేది. నమ్మకపోయినా పెట్టేచోట లోటు చేసే మనిషి కాదామె. కంటినిండా నిద్రపోయి, తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకొని, టోకెను కోసం తొలి బస్సెక్కి, డాక్టరు ముందు కూర్చొని "నాకు గొంతు రావడం లేదు సార్" అని గది అదిరేటట్టు చెప్పేదాన్ని. ఆయన మాత్రం ఏం చేస్తాడు? రోగాన్ని ఇంట్లో జోకొట్టి పడుకోబెట్టి, ఒట్టి మనిషిని తీసుకుపోయి చూపించేవాళ్లం మేము.

చివరికి ఎవరో చెప్తే నరాల డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన శనివారాలు మాత్రం వేరే ఊరి నుంచి నంద్యాలకు వస్తాడు. నా పాత చీటీలన్నీ పక్కన పెట్టి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "పొద్దున ఎలా ఉంటుంది, పొద్దుగూకితే ఎలా ఉంటుంది?" అని. ఇన్ని నెలల్లో ఎవరూ అడగని మాట. నేను చెప్తూ పోయాను, ఆయన వింటూ కూర్చున్నాడు. మధ్యలో ఫోను చూసుకోలేదు. అంతా విని, రక్తపరీక్ష రాసి, "దీని ఫలితం రావడానికి టైము పడుతుంది. ఈలోపు సాయంత్రంపూట మిమ్మల్ని నేను చూడాలి. వచ్చే శనివారం విశ్రాంతి తీసుకోవద్దు. బడికి పోయి పాఠాలన్నీ చెప్పి, అటు నుంచి అటే రండి. దారిలో కూడా నోరు మూయొద్దు" అన్నాడు.

నా జన్మలో నోరు మూయొద్దని నాకు చెప్పిన మొదటి మనిషి ఆయనే.

అది కోతల కాలం. మా ఆయన పనిచేసేది ట్రాక్టరు సామాన్ల అంగడిలో, ఆ రోజుల్లో ఊపిరి పీల్చుకునే తీరిక ఉండదు. వాళ్లమ్మను తోడు పంపుతానన్నాడు. అంతకంటే ఒంటరిగా పోవడమే నయమనుకున్నాను.

"దారిపొడుగునా ఆమెను మాట్లాడిస్తా ఉండల్లమ్మా. డాక్టరు చెప్పినాడు" అన్నాడు వాళ్లమ్మతో.

"నాకూ ఆమెకూ మాట్లాడుకునేదానికి ఏముండాదిరా? కొట్లాడుకోవాల్సిందే."

"కొట్లాడుకోండి. డాక్టరు వద్దన్లేదు."

ఆ శనివారం బడి వదిలాక శిరివెళ్లలో నంద్యాల బస్సెక్కాను. అత్త ఆళ్లగడ్డ నుంచే అదే బస్సులో వస్తూ, తన పక్కన సంచి పెట్టి నాకు సీటు పట్టింది. నా గొంతు అప్పటికి ముక్కులోకి దిగింది గానీ ఇంకా ఉంది. నేను పూర్తిగా కూర్చోనైనా లేదు.

"ఏమ్మే, నిన్న పప్పులో ఉప్పు ఎవురేసిరి?"

"నువ్వే అత్తా."

"నేనేస్తే అట్లుంటాదా? ముద్ద నోట్లో పెడితే ఉప్పుకల్లే తగిలె."

వైద్యం కదా అని నవ్వుకొని నేనూ అందుకున్నాను. ఉప్పు నుంచి ఇస్త్రీకి వచ్చాం. "నా కొడుకు చేత చీరలు ఇస్త్రీ చేయిస్తాండావు, సిగ్గులేదా?" అంది. "నీ కొడుక్కు చేతులు బాగనే పనిచేస్తాయి. నువ్వు నేర్పలేదంతే" అన్నాను. ముందు సీట్లో గాజుల పెట్టె ఒళ్లో పెట్టుకున్న ముసలి సాయిబు వెనక్కి తిరిగి చూశాడు. వెనక సీటామె "పెద్దామెను అట్లంటావేంది?" అని నాకు బుద్ధి చెప్పింది. ఆట కాస్తా నిజం ఎప్పుడైందో నాకు తెలియదు.

"పని కాడికొచ్చేసరికి వస్తాది రోగం అని పక్కింటామెతో అన్లేదా నువ్వు?" అన్నాను.

"అంటి. పొద్దున పులిమాదిరి నా మీదికొస్తావు, పొద్దుగూకితే రోగమంటావు. ఎవురు నమ్ముతారు?"

"నువ్వు నమ్మల్ల. ఇంట్లో ఉండేదానివి నువ్వు..."

ఇంకా చాలా ఉంది అనాల్సింది. రాలేదు. మాట నాలుక మీదికొచ్చి కూలబడింది. మళ్లీ ప్రయత్నిస్తే మూలుగులాంటిదేదో వచ్చింది. రెప్ప వాలిపోయింది. మెడ నిలవక తల సీటుకు ఆనించాను. ఇంట్లో అయితే ఈ వేళకు గదిలోకి పోయి తలుపు వేసుకునేదాన్ని. ఓడిపోయిన ముఖం ఆమెకు చూపించకూడదని నా పంతం. అంత దగ్గరగా, నా మాట సగంలో తెగిపోవడం ఆమె చూడటం అదే మొదటిసారి.

అత్త నా జవాబు కోసం ఎదురుచూసింది. ఎంతకీ రాకపోయేసరికి నా గడ్డం పట్టుకొని తనవైపు తిప్పుకుంది. "ఏమ్మే... ఏందిమ్మే ఇది?" అంది.

వెనక సీటామె నవ్వింది. "మంచి పనైంది. పెద్దామె గెలిచింది."

మా అత్త కడ్డీ పట్టుకొని లేచి నిలబడింది. "నువ్వు గమ్మునుండు. యాడ గెలిచినా నేను? మా కోడలికి గొంతు పోయింది. గొంతుంటే ఈ బస్సు టాపు లేచిపోయుండు. ఆమె అనబోయేది నాకు తెల్సు, నేను జెప్తా" అంది. కూర్చుంది. కూర్చొని నా తరఫున తనను తాను తిట్టుకోవడం మొదలుపెట్టింది.

"'ముద్ద మింగలేక కంచం కాడ నుంచి లేచిపోతాంటే నీకు కనపళ్లేదా అత్తా?' అంటాది. కనపడె. పొగరనుకుంటి. 'కొడుకును నువ్వే గారాబం చేసి చెడగొడితివి' అంటాది. అవును, చెడగొడితి. 'నీ కడుపున పుట్టిన కూతురికే ఇట్లయితే రోగం కాదంటావా?' అంటాది." అక్కడ ఆగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దానికి మాత్రం నా కాడ జవాబు లేదు."

ముందు సీటు గాజులాయన "అల్లా ఉండాడమ్మా, బాగైతాది" అన్నాడు. ఉన్నమాట చెప్పాలంటే నేను అంత బాగా అనగలిగేదాన్ని కాదు. నా పక్షాన ఆమె నాకంటే గట్టిగా కొట్లాడింది. అన్నేళ్ల కోపం ఆ సీట్లోనే చాలావరకు కరిగిపోయింది.

డాక్టరు నా ముఖం చూడగానే కుర్చీలోంచి లేచాడు. అంకెలు లెక్కపెట్టమన్నాడు. రోజూ వందలు చెప్పే పంతులమ్మను, ఇరవై దాకా పోలేకపోయాను. గ్లౌజులో ఐసుముక్కలు వేసి, వాలిన రెప్ప మీద కాసేపు ఉంచి తీశాడు. రెప్ప లేచింది. అత్త "అమ్మో" అని వెనక్కి జరిగింది. ఆయన ఆమెకు తీరిగ్గా చెప్పాడు. నరం పంపే కబురు కండకు సరిగా అందడం లేదట. పొద్దున కొంత అందుతుంది, వాడేకొద్దీ తగ్గిపోతుంది. మయస్థీనియా అంటారట. ఊపిరి తీసే కండలకు పాకితే ప్రమాదం, కాబట్టి ఆయాసం వస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు. కానీ మందుంది. ఇది నాటకం కాదు, దిగులూ కాదు.

రోగం ఉందని చెప్తే అంత సంతోషపడిన మనిషిని ఆ డాక్టరు చూసి ఉండడు.

ఆ తర్వాత చాలా జరిగింది. రక్తపరీక్ష కూడా అదే చెప్పింది. హైదరాబాదులో రొమ్ముటెముక వెనకున్న గ్రంథిని తీసేశారు. స్టెరాయిడ్లకు ముఖం గుమ్మడికాయలా ఉబ్బింది. ఇప్పటికీ మాత్ర వేళ తప్పకూడదు, చిన్న జ్వరమొచ్చినా రెప్ప మళ్లీ వాలుతుంది. అయినా మూడో తరగతికి మధ్యాహ్నం పాఠం నేనే చెప్తున్నాను. హెడ్మాస్టరుతో ఇప్పుడు రెండు పూటలా కొట్లాడుతున్నాను, పాపం ఆయన.

కానీ నేను బాగుపడ్డది ఎప్పుడని ఎవరైనా అడిగితే, ఆ శనివారం సాయంత్రమనే చెప్తాను. డాక్టరు ఒక మాత్ర అక్కడే వేయించి, బయట బెంచీ మీద కూర్చోమన్నాడు. ఆ మాత్ర మింగడానికే నానా అవస్థ పడ్డాను. అత్త పక్కన కూర్చొని నన్నే చూస్తోంది. కొంతసేపటికి రెప్ప తేలికైంది. ఉమ్మి మింగాను, దిగింది. గొంతు సవరించుకుంటే చప్పుడు వచ్చింది.

"వస్తాందా?" అంది అత్త. "అయితే ఇంగ జెప్పు. బస్సులో నన్ననాల్సిందంతా ఇప్పుడను. నేనేమీ అనన్లే." చేతులు ఒళ్లో పెట్టుకొని, నావైపు తిరిగి, తిట్లు తినడానికి సిద్ధంగా కూర్చుంది.

నా దగ్గర బస్తాడు మాటలున్నాయి. నోరు తెరిచాను.

"ఆకలైతాంది అత్తా" అన్నాను.

ఆమె వెంటనే లేచింది. చెయ్యి పట్టుకొని రోడ్డుకు అవతలున్న టిఫిన్ బండి దగ్గరికి తీసుకుపోయి ఇడ్లీ పెట్టించింది. తను తినలేదు. నేను పెట్టుకున్న ప్రతి ముద్దా లోపలికి దిగేదాకా నా గొంతునే చూస్తూ నిలబడింది. ప్లేటు ఖాళీ అయ్యాక, బండివాడి ముందే, గట్టిగా ఏడ్చింది.