కిటికీ పక్క చోటు

నా చిన్నప్పుడు మా చిన్నమ్మ నా సొత్తు. అమ్మకు చెల్లెలే కావచ్చు, డిగ్రీ చదివిందే కావచ్చు, బోరబండలో మా కిరాయి ఇంట్లో ఆమె పడుకునేది నా పక్కన, జడ వేసేది నాకు, బంగారం అని పిలిచేది నన్ను. అప్పట్లో మాదాపూర్ వైపు అద్దాల మేడలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. చిన్నమ్మ అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు పూర్తిచేసి, వాటిలో ఏదో ఒక కంపెనీ పిలుస్తుందని ఎదురుచూస్తోంది.

కంపెనీ కంటే ముందు మా బడి పిలిచింది. మా మూడో తరగతి టీచర్ కాన్పుకు వెళ్ళింది. మూడు నెలలు ఆమె బదులు పాఠాలు చెప్పమని పెద్ద మేడమ్ చిన్నమ్మకు కబురు పెట్టింది. మా చిన్నమ్మే మా టీచరని నేను వాడకట్టంతా చెప్పుకు తిరిగాను.

ఆ సంబరం వారం కూడా నిలవలేదు. మా తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఎనిమిదేళ్ళు దాటినా మాట రాలేదు. పేరు పిలిస్తే పలకదు, ఎవరి ముఖంలోకీ చూడదు, ఒక్కోసారి చెవులు మూసుకుని ముందుకూ వెనక్కూ ఊగుతుంది. వాళ్ళమ్మ ఏదో ఆఫీసులో ఊడ్చి తుడిచే పని చేసేది. పొద్దున్నే పిల్లను దింపి షేర్ ఆటో కోసం పరుగెత్తేది. అలాంటి పిల్లలకు ఎలా చెప్పాలో మా చిన్నమ్మకు ఎవరూ నేర్పలేదు. అందుకేనేమో, ఆమెకు ఎప్పుడూ ఆ పిల్ల ధ్యాసే. నా లెక్కలన్నీ కరెక్టయితే ఒక టిక్కు కొట్టి నోట్‌బుక్కు పక్కన పెట్టేది. ఆ పిల్ల పలక మీద ఒక గీత గీస్తే మురిసిపోయేది. ఒకరోజు అందరి ముందూ దాన్ని బంగారం అంది. నాకు కడుపు మండిపోయింది. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మా బడిలో సోమవారం సోమవారం బెంచీలు మారాలి, ముందు కూర్చునే వంతు అందరికీ రావాలని. ఆ పిల్ల మాత్రం మారేది కాదు. రెండో బెంచీలో కిటికీ పక్కనే ఉండేది. కదిపితే గోల చేస్తుందని పాత టీచర్ చూసీ చూడనట్టు వదిలేసేది. మిగతా పిల్లలు అది పట్టించుకోలేదు గానీ నేను పట్టించుకున్నాను. ఆ తర్వాతి సోమవారం చేయెత్తి లేచి, బెంచీలు మార్చలేదు టీచర్, అది మన బడి రూలు అన్నాను, ఏమీ ఎరగనట్టు.

చిన్నమ్మ నమ్మింది. అందరినీ మార్చింది. ఆ పిల్లను చేయి పట్టుకుని ప్రేమగానే మొదటి బెంచీకి తీసుకెళ్ళబోయింది. కిటికీ పక్క చోట్లో నేను కూర్చున్నాను. ఆ పిల్ల పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేల మీద పడి కొట్టుకుంది, తన చేయి తనే కొరుక్కుంది. పట్టుకోబోతే చిన్నమ్మ గాజులు పగిలి మణికట్టు గీసుకుపోయింది. పెద్ద మేడమ్ పైకొచ్చి చూసి, వాళ్ళమ్మను పిలిపించి, రేపటి నుంచి పాపను పంపవద్దని చెప్పేసింది. వాళ్ళమ్మ ఆఫీసు యూనిఫారం చీరలోనే వచ్చి పిల్ల సంచీ తీసుకుంది. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ నాకు సంతోషం వేసింది.

ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా లేదు. చిన్నమ్మ వంటింటి గడప మీద కూర్చుని అమ్మతో చెప్పుకుని ఏడ్చింది.

"నాకు ఈ పని రాదక్కా. నా చేతగానితనానికి ఆ పిల్ల చదువు ఆగమైంది. ఇగ నేను పోను" అంది.

ఆ మాట విని ఉండబట్టలేక అంతా కక్కేశాను. చెంప పగులుతుందనుకున్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"దాని గురించి ఇంకేం తెలుసు నీకు?"

చేయి పట్టుకుంటే దానికి పడదని, బెంచీ మీద రెండుసార్లు తడితే చూస్తుందని, పేరు పిలిచినప్పుడు పెన్సిల్ కింద పెడుతుందని, అదే దాని హాజరని చెప్పాను. చిన్నమ్మ కాగితం తెచ్చి రాసుకుంది. గంట కొట్టే ముందు ఏం చేస్తుంది, సుద్దముక్క కీచుమంటే ఏం చేస్తుంది అని నన్నే అడిగింది.

"నాకు తెల్వదు బిడ్డా, అందుకే అడుగుతున్న. గివన్నీ నీకెట్ల తెలుసు?"

"నువ్వు దాన్నే చూస్తుంటివి. నేను గూడ దాన్నే చూసిన" అన్నాను. అప్పుడు మాత్రం నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పెద్ద మేడమ్ ముందు నా తప్పు నా నోటితోనే చెప్పించింది. తన తప్పు తనే చెప్పుకుంది. ఆ కాగితం చూపించి, తను ఉండే మూడు నెలలు అయ్యేదాకా గడువు అడిగింది. పెద్ద మేడమ్ గొణుక్కుంటూనే ఒప్పుకుంది. ఆ పిల్ల కిటికీ పక్కకు తిరిగి వచ్చింది. ఆ గడువు లోపే తన పేరు రాయడం నేర్చుకుంది. ఆ రోజు చిన్నమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, నిజం చెప్పాలంటే, నాకు మళ్ళీ కడుపు మండింది.

ఆ మంట ఇంకా ఆరలేదు. నలభైకి దగ్గరపడ్డాను. హైటెక్ సిటీలో నా కింద పదిమంది పనిచేస్తారు. అయినా కొత్తగా చేరిన అమ్మాయిని మా మేనేజర్ మెచ్చుకుంటే ఇల్లు చేరేదాకా లోపల కుతకుతే. కాకపోతే ఎవరిని చూసి కుళ్ళుకుంటానో వాళ్ళను నాలుగు రోజులు శ్రద్ధగా చూస్తాను. వాళ్ళకు ఏది కష్టమో, దేని ఆధారంతో నిలబడుతున్నారో నాకు తెలిసిపోతుంది. తెలిశాక వాళ్ళను ఆ చోటు నుంచి లేపడానికి నోరు రాదు.