హొగ్లక్క పాడని జోల

ఏడ్చే పని చేసేవాళ్లకు వేరే పాటలు ఉండవనుకుంటున్నారు కదూ మీరు? మా హొగ్లక్కను చూసి ఉంటే అలా అనుకోరు. యెరూషలేము దాపున మా కొండ ఊళ్లలో ఎక్కడ చావు జరిగినా పిల్లనగ్రోవి ఊదేవాళ్లతో పాటు ఆమెకూ కబురు వెళ్లేది. జుట్టు విప్పి గొంతెత్తిందంటే, చచ్చినవాడితో నిన్నటిదాకా గట్టు తగాదా పడినవాడు కూడా వెక్కివెక్కి ఏడ్చేవాడు.

కానీ మంచి రోజున ఆమె గొంతు ఎవరికీ అక్కర్లేదు. ద్రాక్షలు తొక్కే తొట్టిలో పాట ఎత్తుకోబోతే మగాళ్లు నవ్వేవాళ్లు.

"నువ్వొద్దులే అక్కా, రసం కూడా ఏడుస్తది."

చెల్లెలు చచ్చిపోతే ఆమె కూతురు అక్సాను తనే పెంచింది. ఆ పిల్లకోసం ఒక్కసారైనా సంతోషంగా పాడాలన్నదే ఆమె కోరిక. పండక్కి యెరూషలేము వెళ్లినప్పుడు, గుడిలో లేవీయులు సితారాలు మీటి పాడుతుంటే నా చెవిలో అంది:

"వాళ్ల పాటా నా ఏడుపూ ఆ దేవుడు ఒకే చెవితో వింటాడు కదే. మరి మనుషులకేం రోగం?"

అక్సా పెళ్లిలో మేమంతా చేతిడప్పులు పట్టుకున్నాం. హొగ్లక్క కూడా ముందుకొచ్చింది. పెళ్లికొడుకు తల్లి అడ్డం నిలబడింది.

"నువ్వు నోరెత్తకు వదినా. నీ గొంతు వినబడితే ఇంట్లో పాడె లేస్తది."

"పాడె లేచాకే కదమ్మా నన్ను పిలిచేది!" అంది హొగ్లక్క.

అందరం నవ్వాం. అక్సా మాత్రం తల దించుకుని ముసుగు సర్దుకుంది. 'మా పెద్దమ్మ పాడాలి' అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. హొగ్లక్క బయటికి వెళ్లి రొట్టెల పొయ్యి దగ్గర కూర్చుంది. ఎంత బతిమాలినా ముద్ద ముట్టలేదు.

కోతల తర్వాత అక్సాకి కొడుకు పుట్టాడు. పక్క ఊరి నుంచి కబురు పంపింది: "పెద్దమ్మా, తప్పయిపోయింది. నువ్వొచ్చి జోల పాడితేనే వీణ్ని నిద్రపుచ్చుతా."

హొగ్లక్క ముఖం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు. నూనె రాసుకుని తల దువ్వుకుంది. తిరగలి దగ్గర జోల కూనిరాగం తీస్తోంది.

"మాటలేవీ అక్కా?" అన్నాను.

"ముందు వాడు వినాలి. తర్వాతే నువ్వు."

డప్పు చంకన పెట్టుకుని బయల్దేరింది. బావి దాటకముందే ఎవరో పరుగెత్తుకొచ్చారు. ముసలి షోబాలు పోయాడట, ఏడ్చే దిక్కు లేదట.

"బిడ్డ రేపు కూడా ఉంటాడులే. ఈయన్ని పొద్దుగూకే లోపు గుహలో పెట్టెయ్యాలి," అని డప్పు బావి దగ్గరి ఇంట్లో ఇచ్చి వెనక్కి తిరిగింది.

సమాధి గుహ దగ్గర తొలకరి వాన పట్టుకుంది. తడిసిన బట్టలతోనే చివరిదాకా ఏడ్చింది. జ్వరం వచ్చింది. ఇక లేవలేదు.

అక్సా బిడ్డను ఎత్తుకుని వచ్చింది. "మాటలు నీకేమైనా చెప్పిందా పిన్నీ?" అని నన్నడిగింది. నాకు తెలిసింది రాగమే, అదీ సగమే. డప్పు మాత్రం బావి దగ్గరి ఇంట్లోనే ఉండిపోయింది, 'సాయంత్రం వచ్చి పట్టుకెళ్తా' అని ఆమె అప్పగించిన చోటే.