క్యారియర్లో పెండ్లికొడుకు

ఆ రోజుల్లో మా ఊళ్ళో మబ్బుకున్న పలుకుబడి సర్పంచుకు కూడా ఉండేది కాదు. బెళుగుప్ప పక్కన మా మెట్ట పొలాల మీదికి ఒక్క నల్ల మబ్బు వచ్చిందంటే పేకాట ఆగిపోయేది, పోట్లాట ఆగిపోయేది, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా పిల్లను వదిలేసి ఆకాశం చూసేవాళ్ళు. ఇంత మర్యాద అందుకుని ఆ మబ్బు ఒక్క చుక్కైనా రాల్చకుండా తాడిపత్రి వైపు వెళ్ళిపోయేది. నా సంగతీ దాదాపు అంతే. ఇంటర్ పాసై ఇంట్లో కూర్చున్న ఆ వేసవిలో నా డైరీలో ప్రతి పేజీ 'రేపటి నుంచి' అని మొదలయ్యేది. రేపటి నుంచి తెల్లారకముందే లేస్తాను. రేపటి నుంచి చుట్టాలొస్తే వంటింట్లోకి పారిపోను. గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న ఒక వ్యక్తిత్వ వికాస పుస్తకం, ఎవరూ చెప్పకముందే పని మొదలుపెట్టమని చెప్పింది. (అదీ ఒకరు చెప్పడమే కదా అని అప్పుడు నాకు తోచలేదు.)

నాకు అనంతపురంలో డిగ్రీ చదవాలని ఉండేది. ఆ మాట అమ్మ చేత అడిగించాను. తలుపు వెనక నిలబడి నాయన జవాబు విన్నాను. "చెప్తే గానీ అన్నం గూడా పెట్టుకోదు ఇది. హాస్టల్లో దీనికి ఎవురు చెప్తారు? ఒక్క పని, ఒక్కటంటే ఒక్కటి, తనంతట తాను చేసినాక చూద్దాం లే."

అలా అన్న వారానికే నాయన, అమ్మ ఒక పెళ్ళికి గుత్తి వెళ్ళారు. ఇంట్లో నేనూ, మా అవ్వా మిగిలాం. ఆ మధ్యాహ్నమే మబ్బు పట్టింది. మామూలు మబ్బు కాదు, బర్రెల మందలా దిగింది. రేపు వాన ఖాయం, ఎల్లుండి విత్తనం వేస్తారు, విత్తనం శెనక్కాయలు ఇంకా ఒలవనే లేదు! నాయన వచ్చేసరికి ఒలిచిన మూట ఎదురుగా ఉంటే ఎలా ఉంటుంది! వీధిలో ఆడవాళ్ళను పిలవడానికి నాకు గొంతు రాలేదు గానీ, ఉన్నవాటిలో ఒక మూట విప్పి వాకిట్లో కుప్ప పోశాను. శెనక్కాయల కుప్ప కనబడ్డాక మా వీధికి వేరే పిలుపు అక్కర్లేదు. పొద్దుగూకే లోపల మూటంతా ఒలిచేశారు. (ఒలిచినదానిలో కొంత నోట్లోకి వెళ్ళింది. అది కూడా ఎవరూ చెప్పకుండానే.) అందరూ చేతులు దులుపుకుని లేచేసరికి ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది.

పగటి నిద్ర లేచిన అవ్వ కుప్పను చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఏం పని చేసినావే పాపా? వాన పడినాకే కదా ఒలిచేది! ఒలిచినాక ఎన్ని దినాలు ఆగుతాది విత్తనం? పురుగు పడితే మొలుస్తాదా?"

"మబ్బు వచ్చిండె కదవ్వా..."

"మబ్బును నమ్మినావా? ఈ ఊర్లో పుట్టి?"

ఏం చేయాలని అడిగాను. అవ్వ బుగ్గన ఆకు దోపుకుని ఆలోచించింది. "కప్పలకు పెండ్లి చేస్తే వాన వస్తాది. మా కాలంలో వచ్చేది. కానీ ఇప్పుడు కప్ప యాడుండాది? నీళ్ళుంటే కదా కప్పలుండేది, కప్పలుంటే కదా నీళ్ళొచ్చేది!"

నీళ్ళున్న ఊరు నాకు తెలిసి ఒక్కటే: శింగనమల. చెరువు గట్టు కిందే మా మేనత్త ఇల్లు. మరునాడు మొదటి బస్సుకు, అనంతపురంలో బస్సు మారి, బతుకులో మొదటిసారి ఒంటరిగా అంత దూరం వెళ్ళాను. అత్త నా మాట విని కడుపు పట్టుకుని నవ్వింది గానీ, చీర ఎగదోపి చెరువులోకి దిగింది. తడిగుడ్డ వేసిన టిఫిన్ క్యారియర్లో రెండు కప్పలను కూర్చోబెట్టి, "లావుది పెండ్లికూతురు, ఎగిరేది పెండ్లికొడుకు. గాలాడేట్లు మూత వదులుగా పెట్టు" అని సాగనంపింది.

ఆ వదులే కొంప ముంచింది. అనంతపురం దాటి సగం దూరం వచ్చాక గతుకులో బస్సు ఎగిరింది. బస్సుతో పాటు మూత ఎగిరింది, మూతతో పాటు పెండ్లికొడుకు ఎగిరాడు. నేను ఎన్నోసార్లు 'ఆపండి' అనడానికి మొహమాటపడి, తరువాతి ఊళ్ళో దిగి వెనక్కి నడిచి వచ్చిన మనిషిని. ఆ రోజు మాత్రం నా గొంతులోంచి నాకే తెలియని గొంతొకటి బయటికొచ్చింది.

"బస్సాపండి! మా పెండ్లికొడుకు పారిపోయినాడు!"

బస్సు కీచుమని ఆగింది. కండక్టర్ పరుగున వచ్చాడు. "ఎవురమ్మా వాడు? యాడ దిగినాడు?"

"దిగలేదన్నా. సీట్ల కిందుండాడు. కప్ప."

బస్సంతా కాళ్ళు పైకెత్తి కూర్చుంది. సంగతి వానదని తెలిశాక మాత్రం అందరూ కిందికి వంగారు. మా వైపు వానకోసమంటే ఎవరైనా వంగుతారు. "పెండ్లికొడుకు యా రంగు చొక్కా మా?" "కట్నం చాల్లేదేమో అడగండప్పా!" "డ్రైవరన్నా, బండి కదిలించొద్దు, పిల్లోడు టైరు కింద పడతాడు!" చివరికి పెండ్లికొడుకు వెనక సీటులో నిద్రపోతున్న గొర్రెల కాపరి పెద్దాయన తలపాగా మీద దొరికాడు, రాజు సింహాసనం మీద కూర్చున్నట్టు. పెద్దాయన కళ్ళు తెరిచి, "నా తల మీద చల్లగుంటే వాన పడతాండాదేమో అనుకొంటిని కదప్పా" అన్నాడు దిగులుగా.

మా ఊళ్ళో బస్సు ఆగేసరికి నాతో పాటు పెళ్ళి చూడడానికి సగం బస్సు దిగింది. ఎదురుగా, గుత్తి నుంచి అంతకుముందే ఇల్లు చేరిన నాయన! అవ్వ అంతా చెప్పేసినట్టుంది, ముఖం ఎర్రగా ఉంది.

"ఎవురు ఒలవమనిరి నిన్ను?"

"ఎవురూ అన్లేదు నాయనా."

"శింగనమలకు ఎవురు పొమ్మనిరి?"

"ఎవురూ పొమ్మన్లేదు."

నాయన భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. తానన్న మాట తనకే గుర్తొచ్చిందేమో. వెనక నుంచి కండక్టర్ అందుకున్నాడు. "పెద్దాయనా, నీ కూతురి గొంతు మా బస్సు హారన్ కంటే మేలు!"

"మా పాప గొంతా?" అన్నాడు నాయన, ఎవరి గురించో మాట్లాడుతున్నారన్నట్టు. కాసేపు క్యారియర్ వైపు చూసి, "సరే, పట్టుకో గట్టిగా. మళ్ళా దూకుతాడు" అన్నాడు.

పెళ్ళి ఘనంగా జరిగింది. వాన కూడా పడింది, మా ఊళ్ళో కాదు, దారిలో బస్సు ఆగిన చోట. "పెండ్లికొడుకు దూకింది ఆడనే కదా, ఆడనే కురిసింది" అని అవ్వ తేల్చేసింది. నాయన తక్కిన మూటలు ఒలవకుండా దాచి, ఆలస్యంగా మా ఊళ్ళోనూ వాన పడ్డాక విత్తుకున్నాడు. నేను ఒలిపించిన మూట అమ్మ చేతిలో బెల్లం ఉండలై, ఒక పెద్ద డబ్బాలో నాతో పాటు అనంతపురం హాస్టల్‌కు వచ్చింది. మొదటి రోజు ఎవరితో ఎలా మాట్లాడాలో తెలియక డబ్బా మూత తీసి మంచం మీద పెట్టాను. అక్కడా పిలుపు అక్కర్లేకపోయింది.

కప్పలను ఇంటికి తెచ్చిన రోజు నా డైరీ మొదటిసారి 'ఈ రోజు' అని మొదలైంది. ఇప్పుడు ఉద్యోగం, నలుగురిలో మాట్లాడే పని, అన్నీ ఉన్నాయి. అయినా డైరీ మళ్ళీ మెల్లగా 'రేపటి నుంచి'లోకి జారుతూ ఉంటుంది. అలాంటప్పుడు, గతుకుల బస్సులో వదులు మూతను రెండు చేతులా నొక్కిపట్టుకుని కూర్చున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. దానికి తెలిసింది చాలా తక్కువ. మబ్బును కూడా నమ్మేది. ఆ మాత్రం తెలివితక్కువతనం కాస్త మిగుల్చుకుని ఉండాల్సింది అనిపిస్తుంది.